స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌ను కీబోర్డుతో లేపే విధానం

అనంతపురం ఎండల్లో మధ్యాహ్నం గిరాకీ పలచబడినప్పుడు డీటీపీ, జిరాక్స్ దుకాణాలవారు కంప్యూటర్‌ను పూర్తిగా కట్టేయకుండా స్లీప్‌లో పెట్టడం మేలు. కరెంటు ఆదా అవుతుంది, అసలే కాగుతున్న గదికి మరికొంత వేడి తోడవదు, తెరిచి ఉంచిన ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. అయితే సీపీయూ సాధారణంగా బల్ల కింద మూలన ఉంటుంది కనుక, ప్రతిసారీ వంగి పవర్ బటన్ నొక్కే అవస్థ లేకుండా ఆ పనిని కీబోర్డుకు అప్పగించుకోవచ్చు.

విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌ను తెరవాలి. అందులో 'కీబోర్డ్స్' విభాగాన్ని విప్పి, కీబోర్డు పేరు మీద డబుల్‌క్లిక్ చేస్తే వచ్చే పెట్టెలో 'పవర్ మేనేజ్‌మెంట్' ట్యాబ్‌కు వెళ్లి, 'అలౌ దిస్ డివైస్ టు వేక్ ది కంప్యూటర్' అన్న గడిలో టిక్ పెట్టి ఓకే నొక్కాలి. ఉన్నది ఒకే కీబోర్డయినా అక్కడ రెండు మూడు పేర్లు కనిపించవచ్చు. కొన్ని మౌసులు, వైర్‌లెస్ రిసీవర్లు కూడా తమను కీబోర్డుగా నమోదు చేసుకోవడమే ఇందుకు కారణం. కీబోర్డు వైరును ఒకసారి పీకి చూస్తే జాబితాలోంచి ఏ పేరు మాయమవుతుందో అదే మనకు కావలసినది.

మౌసుకూ ఇదే పద్ధతి, విభాగం మాత్రం 'మైస్ అండ్ అదర్ పాయింటింగ్ డివైసెస్'. కానీ నా సలహా మౌసు దగ్గర ఆ టిక్ తీసేయమనే. బల్లకు ఎవరి మోచెయ్యో తగిలి మౌసు కాస్త కదిలినా కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. కీబోర్డుకు ఆ బెడద తక్కువ.

టిక్ పెట్టినా లేవకపోతే బయాస్‌ను, అంటే విండోస్ మొదలవక ముందే తెరుచుకునే కంప్యూటర్ మూల అమరికల తెరను చూడాలి. రీస్టార్ట్ చేసి డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ అందులోకి వెళ్లి, పవర్‌కు సంబంధించిన పేజీలో యూఎస్‌బీ వేక్ వంటి అమరిక ఉంటే 'ఎనేబుల్' చేయాలి. ఈ అమరికల పేర్లు కంప్యూటర్‌లోని మదర్‌బోర్డును బట్టి మారతాయి. 'ఈఆర్‌పీ' అనే కరెంటు పొదుపు అమరిక ఆన్‌లో ఉంటే కొన్ని బోర్డులు విశ్రాంతి సమయంలో పోర్టులకు కరెంటు ఆపేస్తాయి కాబట్టి దాన్ని ఆఫ్ చేసి చూడాలి. కీబోర్డును హబ్‌కు కాకుండా నేరుగా సీపీయూ వెనుక పోర్టుకు తగిలించడం కూడా ఉపయోగపడుతుంది. హైబర్నేట్ (తెరిచినవాటిని డిస్క్ మీద దాచి ఆగిపోవడం), షట్‌డౌన్ అయిన కంప్యూటర్ మాత్రం సాధారణంగా యూఎస్‌బీ కీబోర్డుకు పలకదు.

ఇందుకు విరుద్ధంగా, ఎవరూ ముట్టకుండానే లేస్తున్న కంప్యూటర్లూ ఉంటాయి. అప్పుడు ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, లాస్ట్‌వేక్ అని ఒకే మాటగా కలిపి ఎంటర్ నొక్కితే, చివరిసారి లేపినది ఏదో చాలాసార్లు తెలిసిపోతుంది. అది నెట్‌వర్క్ కార్డు అయితే దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లోనూ ఇదే టిక్ తీసేయాలి.

స్లీప్‌లో ఫైళ్లు ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలోనే ఉంటాయి, ర్యామ్‌కు కరెంటు నిరంతరం అందుతూ ఉండాలి. యూపీఎస్ లేని దుకాణంలో ఆ సమయంలో కరెంటు పోతే సేవ్ చేయనిది పోయినట్టే. పవర్ ఆప్షన్స్‌లో 'హైబ్రిడ్ స్లీప్' కనిపిస్తే దాన్ని ఆన్ చేసుకోవాలి; అది ర్యామ్‌లో ఉన్నదాని నకలును డిస్క్ మీద కూడా రాసి ఉంచుతుంది.