ఎర్రమట్టి గ్రౌండులో మిడ్‌ఫీల్డరును తయారు చేయడం: విటీన్యా ఆట నుంచి ఏం తీసుకోవాలి

పోర్చుగల్ మిడ్‌ఫీల్డరు (మైదానం మధ్యలో ఆడేవాడు) విటీన్యా ఎత్తు 172 సెంటీమీటర్లు. పొద్దున్నే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకు వచ్చే ఇంటర్ పిల్లల్లో అతనికంటే పొడుగు వాళ్లు బోలెడంత మంది కనిపిస్తారు. అయినా 2025 మే 31న మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ) ఫైనల్లో అతని ఫ్రెంచి క్లబ్బు పీఎస్‌జీ 5-0తో ఇంటర్ మిలాన్‌ను ఓడించినప్పుడు మధ్యలో నిలబడి ఆటను తిప్పింది అతనే. మొదటి గోల్‌కు ముందు తన జట్టువాడైన దువేకు బంతి అందించిందీ, అదే దువే కొట్టిన మూడో గోల్‌కు పాసు ఇచ్చిందీ అతనే. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ ఓటింగులో మూడో స్థానం వచ్చింది. (మన దగ్గర చాలామంది 'విటిన్హా' అని రాస్తారు. పోర్చుగీసులో అది 'న్యా' అనే పలుకుతుంది.) పోర్చుగల్‌కు 146 మ్యాచులు ఆడిన మిడ్‌ఫీల్డరు జువావ్ మొటీన్యో ఇంకా పొట్టి, 170 సెంటీమీటర్లే.

ఇద్దరి బలమూ ఒక్క అలవాటులో ఉంది: బంతి కాలికి తగలకముందే చుట్టూ ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకోవడం. పీఈటీ సార్లు, సాయంత్రాలు పిల్లల్ని ఆడించే అన్నలు, 11 నుంచి 16 ఏళ్ల పిల్లల అమ్మానాన్నలు ఇక్కడి గ్రౌండుల్లో ఈ అలవాటును ఎలా నేర్పొచ్చో కింద ఉంది. షాట్లు, హెడర్లు దీంట్లో లేవు. అవి నేర్పేవాళ్లు ఎటూ ఉన్నారు.

ముందు చూడటం నేర్పండి

ఛాంపియన్స్ లీగ్ మ్యాచులు మనకు ఎక్కువగా రాత్రి 12:30కో 1:30కో మొదలవుతాయి. పొద్దున ప్రాక్టీసు ఉన్న పిల్లాణ్ణి నిద్ర లేపి కూర్చోబెట్టక్కర్లేదు, మర్నాడు రీప్లేలో 15 నిమిషాలు చాలు. అయితే అది పూర్తి మ్యాచే కావాలి. హైలైట్స్‌లో గోల్స్ తప్ప ఏమీ ఉండవు, మిడ్‌ఫీల్డరు చేసే పనిలో ముప్పావు భాగం కత్తిరించేస్తారు.

ఆ 15 నిమిషాలూ బంతిని వదిలేసి విటీన్యా తలనే చూడమనండి. సెంటర్ బ్యాక్ (వెనక మధ్యలో ఆడే డిఫెండరు) కాలి దగ్గర బంతి ఉన్నప్పుడు ఒకసారి, అది కదిలి తన వైపు వస్తుండగా ఇంకోసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. పిల్లాడు నోటుబుక్కులో మూడు గడులు గీసుకుని, బంతి అందిన ప్రతిసారీ గీత పెట్టాలి: ముందే చూశాడా, అందుకున్నాక ముందుకు తిరిగాడా, ఎన్ని టచ్‌లలో వదిలాడు. ఇదే పట్టికను తర్వాత మన పిల్లల మ్యాచుకూ వాడాలి కాబట్టి ఆ బుక్కు పారేయొద్దు.

నేల, బంతి, బూట్లు

మన దగ్గర చాలా గ్రౌండులు ఎర్రమట్టి, పైన సన్న గరుకు. 20 మీటర్ల చదరం ఒకటి ఎంచుకుని 10 నిమిషాలు రాళ్లు ఏరించండి. ముందురోజు సాయంత్రం నాలుగైదు బిందెల నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. గీతలకు ముగ్గుపిండి వాడండి. సున్నం చల్లితే గాలికి కళ్లలో పడి మంట పుడుతుంది, జారి పడ్డ పిల్లల మోకాళ్ల గాయాల్లోకి పోతే ఇంకా కష్టం. కోన్లు లేకపోతే నీళ్ల బాటిళ్లను సగానికి కోసి ఇసుక నింపి పెట్టొచ్చు. చెప్పులు మాత్రం వద్దు, బంతి తగిలిన ప్రతిసారీ జరుగుతాయి, చదరం ఎప్పుడు చిన్నదైందో తెలియదు.

12 ఏళ్లలోపు వాళ్లకు 4 నంబరు బంతి, ఆ పైన 5 నంబరు. గాలి నిబంధన ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ మధ్య ఉండొచ్చు. గట్టి నేల మీద 9 దగ్గర ఉంచితే బంతి చెప్పిన మాట వింటుంది, 13 దాటితే కప్పలా ఎగురుతుంది. సూది తడపకుండా గుచ్చితే లోపలి వాల్వు చిరుగుతుంది, తర్వాత ఎంత కొట్టినా రాత్రికల్లా దిగిపోతుంది.

పొడుగు బ్లేడు స్టడ్స్ ఉన్న బూట్లు మెత్తని గడ్డి కోసం చేసినవి. అవి గట్టి మట్టిలో దిగవు, బరువంతా ఆ నాలుగు ముక్కల మీదే పడుతుంది. పెరిగే వయసులో మడమ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు, పిక్క కండరం దాన్ని లాగుతూనే ఉంటుంది. అందుకే ఆ బూట్లతో ఆడే 10-14 ఏళ్ల పిల్లలు 'మడమ నొప్పి సార్' అంటూ కుంటుతారు. అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ షూ కొనండి. నొప్పి ఉంటే ఆట ఆపి డాక్టరుకు చూపించాలి, స్ప్రే కొట్టి మళ్లీ దింపకూడదు.

తల తిప్పే పాఠం

ముగ్గురు కావాలి. పాసు ఇచ్చేవాడు, 10 మీటర్ల దూరంలో అందుకునేవాడు, అతని వెనక ఇంకో 8 మీటర్లలో రెండు రంగుల టోపీలు పట్టుకున్న మూడోవాడు. మూడోవాడు ఏదో ఒక టోపీ పైకెత్తి ఉంచుతాడు. బంతి దారిలో ఉండగానే అందుకునేవాడు వెనక్కి చూసి రంగు చెప్పాలి. ఎర్రదైతే 'వెనక మనిషి ఉన్నాడు' అని లెక్క, ఒక్క టచ్‌లో తిరిగి ఇచ్చేయాలి. పచ్చదైతే ఖాళీ, తిరిగి ముందుకు పోవాలి. 10 బంతులయ్యాక స్థానాలు మార్చుకోండి. మనిషికి మూడు విడతలు చాలు.

మొదటి వారం అందరూ ఒకే తప్పు చేస్తారు. బంతి కాలికి తగిలాక వెనక్కి చూస్తారు. అప్పటికే డిఫెండరు వచ్చేసి ఉంటాడు. రెండో వారం ఇంకో తమాషా మొదలవుతుంది: సార్ చూడమన్నారని గుడిలో ప్రదక్షిణ చేసినట్టు తల తిప్పేస్తారు, కంటికి మాత్రం ఏమీ ఆనదు. దానికి మందు టోపీవాడి చేతిలో ఉంది. పాసు బయల్దేరిన తర్వాతే టోపీ మార్చమనండి. ముందు చూసిన రంగు చెప్పినవాడు వెంటనే దొరికిపోతాడు. రెండుసార్లు ఎందుకు చూడాలో అప్పుడు వాడికే అర్థమవుతుంది.

దీనికి జోడు పాఠం నిలబడే తీరు. పాసు ఇచ్చేవాడికి ఎదురుగా ఛాతీ పెట్టి నిలబడితే కనిపించేది మన గోలే. సగం పక్కకు తిరిగి, బంతి వచ్చే వైపు కాలితో కాకుండా అవతలి కాలితో అందుకోవాలి. బంతి ఒంటి ముందు నుంచి దాటి ఆ రెండో కాలి లోపలి అంచుకు తగిలితే, ఆ ఒక్క టచ్‌తోనే ఆట ముందుకు తిరుగుతుంది. బంతి ఒక మీటరు ముందుకు పడాలి, రెండు మీటర్లు పోతే అది ఎదుటివాడికిచ్చిన పాసే. మన నేల మీద చివరి మీటరులో బంతి తప్పకుండా ఓ గెంతు గెంతుతుంది. పాదాన్ని నేలకు అంటించి పెడితే కాలి మీదుగా దూకి పోతుంది. మడమ కొంచెం దించి, వేళ్ల వైపు పైకెత్తి, చీలమండ బిగించి, బంతి మధ్యభాగాన్ని పాదంతో తాకాలి. తాకే క్షణంలో కాలు రవ్వంత వెనక్కి తగ్గాలి.

గోడ దొరికితే రోజూ ఇంటి దగ్గరే 5 మీటర్ల నుంచి కుడికాలితో 100, ఎడమకాలితో 100 పాసులు. ఎడమకాలి లెక్క 60 దగ్గర ఆపేసే పిల్లలే ఎక్కువ, అది అడిగి కనుక్కోవాలి.

మధ్యలో దొంగ

మన పిల్లలు 'మధ్యలో దొంగ' అని ఆడే ఆటే ఇది. పోర్చుగల్‌లో మెయీన్యు అంటారు, స్పెయిన్ వాళ్ల రొండో కూడా ఇదే. నలుగురు బయట, ఒక దొంగ, 8 మీటర్ల చదరం, మనిషికి రెండు టచ్‌లు. ఒక విడత 90 సెకన్లు, ఆరు విడతలు, మధ్యలో నిమిషం విశ్రాంతి. వరసగా 10 పాసులు తరచూ పడుతున్నాయంటే రెండో దొంగను దింపి చదరాన్ని 10 మీటర్లకు పెంచండి.

ఆట చెడేది పాసు వల్ల కాదు, పాసు ఇచ్చి నిలబడిపోవడం వల్ల. దొంగ నీడలో ఉన్నవాడికి బంతి చేరదు. గీత వెంట రెండడుగులు పక్కకు జరిగితే దారి తెరుచుకుంటుంది. దీన్ని అరిచి చెప్పకండి. ఆట ఆపి, దొంగ వెనక దాక్కున్నవాణ్ణి 'నీకు బంతి కనిపిస్తోందా?' అని అడగండి. పాసును మెల్లగా తోసేవాళ్లకు ఇంకో మాట: గరుకు నేల మెల్లని బంతిని మింగేస్తుంది, గట్టిగానే కొట్టాలి.

ఎండ, తిండి

మార్చి నుంచి జూన్ దాకా పొద్దున 5:45కు మొదలుపెట్టి 7:15కల్లా ముగించండి. వారానికి నాలుగు రోజులు చాలు. నీళ్లు ప్రతి 15-20 నిమిషాలకోసారి, దాహం వేసేదాకా ఆగకుండా. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచినవి. ఉప్పు ఎక్కువైతే మేలుకంటే కీడే. రాగి సంగటి మంచి తిండే కానీ ఆటకు ముందు కాదు, కడుపులో రాయిలా కూర్చుంటుంది. ప్రాక్టీసు అయ్యాక పప్పుతోనో గుడ్డుతోనో పెట్టండి. ముందైతే ఒక అరటిపండు, నాలుగు ఉడికించిన చెనక్కాయలు చాలు. అక్టోబరు-డిసెంబరు వానల్లో గ్రౌండు బురదైతే గోడ పాసులతో సరిపెట్టుకోవాలి.

పైకి వెళ్లే దారి

విటీన్యా పోర్చుగల్ క్లబ్బు పోర్తో కుర్రాళ్ల జట్టులో పెరిగాడు. 2020లో ఇంగ్లండు క్లబ్బు వుల్వ్స్‌కు అరువుకు వెళ్తే అక్కడ ఎక్కువగా బెంచీనే దక్కింది. 2 కోట్ల యూరోలకు కొనుక్కునే అవకాశం ఉన్నా ఆ క్లబ్బు వద్దనుకుంది. తిరిగొచ్చి పోర్తోతో 2021-22లో లీగు, కప్పు రెండూ గెలిచాడు. వెంటనే పీఎస్‌జీ 4 కోట్ల యూరోలకు పైగా పోసి తీసుకెళ్లింది. మనవాళ్లకు పనికొచ్చేది ఇదే: పెద్ద జట్టులో బెంచీ మీద ఏడాది కూర్చోవడం కంటే, వారం వారం 60 నిమిషాలైనా ఆడించే చిన్న జట్టు మేలు. సెలెక్షన్ రాకపోతే నెల రోజులు అలిగి గ్రౌండుకు రాకుండా పోయేవాడికే అసలు నష్టం.

ఇక్కడ మెట్లు స్కూలు గేమ్స్ అండర్-14, 17, 19, తర్వాత జిల్లా జట్టు, యూనివర్సిటీ జట్టు. పిల్లాడు గట్టిగా ఆడుతుంటే రాయలసీమలోనే అనంతపురం ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఫుట్‌బాల్ అకాడమీ ఉంది, అక్కడ సెలెక్షన్లు ఎప్పుడో కనుక్కోండి.

'పోర్చుగల్‌లో ట్రయల్స్, నాలుగు లక్షలు కట్టండి' అని ఎవరైనా వస్తే ఒక్క నిబంధన గుర్తుంచుకోండి. 18 నిండని ఆటగాణ్ణి వేరే దేశం క్లబ్బుకు మార్చడాన్ని ఫిఫా కొద్ది మినహాయింపులతో నిషేధించింది. 'పోర్చుగల్ ఆటగాడు బ్రూనో ఫెర్నాండెస్ 17 ఏళ్లకే ఇటలీ వెళ్లాడు కదా' అంటారు. నిజమే, 2012లో అక్కడి నొవారా క్లబ్బుకు వెళ్లాడు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య 16 నిండినవాళ్లకు ఆ వెసులుబాటు ఉంది, తిరుపతి పిల్లాడికి వర్తించదు. ఏజెంటునంటే ఫిఫా లైసెన్సు చూపించమనండి.

ఇక్కడి క్లబ్బు తరఫున ఆడాలంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) వాళ్ల ఆన్‌లైన్ ఆటగాళ్ల రిజిస్టరు సీఆర్‌ఎస్‌లో పేరు నమోదు కావాలి, దానికి క్లబ్బు ద్వారానే వెళ్లాలి. పుట్టిన తేదీ కాగితాలు ముందే సరిచూసుకోండి. ఆధార్‌లో ఒక తేదీ, బర్త్ సర్టిఫికెట్లో ఇంకో తేదీ ఉంటే అది వేసవి సెలవుల్లోనే దిద్దించుకోవాలి. సెలెక్షన్ రోజు పొద్దున గ్రౌండు గేటు దగ్గర తేలే పని కాదది.