నిలబడగానే బోర్డు వణుకుతోందా? ముందు గాలి చూడండి

మోకాళ్ళ మీద ఉన్నంతసేపు ప్యాడిల్ బోర్డు (నీళ్ళ మీద నిలబడి ప్యాడిల్‌తో, అంటే తెడ్డుతో, నడిపే పలక) బుద్ధిగానే ఉంటుంది. లేచి నిలబడగానే కాళ్ళ కింద వణుకు మొదలు. "నాకు బ్యాలెన్స్ లేదండీ" అంటారు అందరూ. గాలి కొట్టుకునే బోర్డయితే ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు గాలి ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని ఎవరూ చేయరు.

గేజ్ పెట్టమంటే "ఇందాకే 15 పీఎస్ఐ కొట్టాను" అని వాదనకు దిగుతారు (పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత). కొట్టిన మాట నిజమే, కానీ ఎండలో కొట్టారు. బోర్డు చల్లటి నీళ్ళలోకి దిగగానే లోపలి వేడి గాలి చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. లోపలి గాలి 40 డిగ్రీల దగ్గర 15 పీఎస్ఐ ఉంటే, 20 డిగ్రీలకి చల్లబడేసరికి 13కి దిగుతుంది. చేతులు నొప్పెట్టి 12 దగ్గరే ఆపేసినవాళ్ళది దాదాపు 10. ఎక్కడా చిల్లు లేదు, వాల్వ్ బాగానే ఉంది, అందుకే దీని మీదకి అనుమానం పోదు. దానికి తోడు చేతి పంపు గేజ్ ముల్లు మొదట్లో కదలనే కదలదు. గేజ్ పాడైందనుకుని వేలితో నొక్కి చూసి సరిపెట్టుకుంటారు. వేలికి 8 కూడా గట్టిగానే తగులుతుంది, 15 కూడా గట్టిగానే తగులుతుంది.

అనుమానం తీరాలంటే మీరు బోర్డు మీద నిలబడి, ఇంకొకరిని పక్క నుంచి నీటిమట్టానికి వంగి చూడమనండి. మధ్యలో దిగబడి ముక్కూ తోకా పైకి లేస్తున్నాయంటే గాలి తక్కువే. బోర్డుని పది నిమిషాలు నీళ్ళలో ఉంచి, అప్పుడు మళ్ళీ కొట్టండి. బోర్డు మీద రాసిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటొద్దు. ఒడ్డుకి తెచ్చి ఎండలో పెట్టేటప్పుడు కొంచెం గాలి తీసేయండి, లేకపోతే ఇదే లెక్క తిరగబడుతుంది. చల్లబడ్డాక నింపినా మళ్ళీ తగ్గుతుంటే అప్పుడు వాల్వ్ చూడాలి. చాలాసార్లు లోపల ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. సబ్బు నీళ్ళు రాస్తే బుడగలే చెప్తాయి.

బోర్డు నేరుగా పోకుండా పక్కకి తిరుగుతుంటే ఫిన్ (బోర్డు అడుగున తోక దగ్గర ఉండే రెక్క) చూడండి. దాని కొన తోక వైపు వాలి ఉండాలి. ప్యాడిల్ పలక ముక్కు వైపు వంగి ఉండాలి. గరిటెలా తిప్పి పట్టుకునేవాళ్ళే ఎక్కువ. రెండూ సరిగ్గా ఉంటే పై చేతిని నీళ్ళ మీదకి తెచ్చి, కర్రని నిలువుగా దించి లాగండి.

నదిలో రాయి వెనక నిలకడ నీళ్ళలోంచి ప్రవాహంలోకి రాగానే బోర్డు కాళ్ళ కిందనుంచి లాగేసినట్టు పోతే, ఎగువ అంచు మునిగిందన్నమాట. నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చి తగులుతాయో ఆ అంచు లేపి, బరువు రెండో వైపు వేయాలి. మోకాళ్ళు వంచి, ప్యాడిల్ నీళ్ళలోనే ఉంచండి. లోతు తక్కువ చోట ఉన్నట్టుండి ముందుకు బోర్లా పడ్డారంటే పొడుగు ఫిన్ రాయికి తగిలింది, పొట్టిది వేసుకోండి. ఇంకో మాట, పారే నీళ్ళలో చీలమండకి లీష్ (మనిషిని బోర్డుకి కలిపే తాడు) కట్టుకోవద్దు. కొమ్మకి చిక్కుకుంటే ప్రవాహం తోసేస్తుంటే వంగి విప్పుకోవడం కుదరదు. నడుముకి కట్టుకుని ఒక్క లాగుతో ఊడొచ్చే రకం వాడాలి.

సముద్రంలో అల ఎత్తగానే ముక్కు మునుగుతోందంటే మీరు మరీ ముందున్నారు. అల పట్టుకున్న క్షణంలోనే ఒక కాలు తోక వైపు జరపాలి. లోపలికి వెళ్ళేటప్పుడు అలకి అడ్డంగా ఉండొద్దు, ముక్కు ఎదురుగా పెట్టండి.

అతుకు ఊడటం, ఫిన్ దూర్చే పెట్టె పగలడం, బోర్డు తయారీలోనే వంకర ఉండటం అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.