డిశ్చార్జి సమ్మరీని రోగికి అర్థమయ్యే తెలుగు చీటీగా మార్చడం ఎలా

విశాఖ కేజీహెచ్‌కి ఉత్తరాంధ్ర నలుమూలల నుంచీ రోగులు వస్తారు. ఇలాంటి పెద్దాసుపత్రుల్లో ఇంటికెళ్ళేటప్పుడు చేతికిచ్చే సమ్మరీ సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని తెలుగు చేయడానికి లాంగ్వేజ్ మోడల్ (చాట్‌జీపీటీ లాంటి, రాతపని చేసే ఏఐ) బాగా పనికొస్తుంది. అయితే దానిచేత రాయించుకోవాలి తప్ప, వైద్యం చేయించకూడదు.

ముందు సమ్మరీలోంచి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), ఫోను, ఆధార్, రేషన్ కార్డు నంబర్లు, ఊరు తీసేయండి. తేదీల బదులు ‘డిశ్చార్జి అయిన 7వ రోజు’ అని పెట్టండి. సమ్మరీని ఫోటో తీసి సొంత ఫోనులోని చాట్ యాప్‌లో పెట్టొద్దు. ఆసుపత్రి అనుమతించిన ఖాతా గానీ, సొంత కంప్యూటర్లో దింపుకుని ఇంటర్నెట్ లేకుండా నడిపే ఓపెన్ మోడల్ గానీ వాడండి. 800 కోట్ల పారామీటర్ల (మోడల్ లోపల దాచుకునే అంకెల) మోడల్‌ని, ఒక్కో అంకెకి 4 బిట్లే పట్టేలా కుదిస్తే సుమారు 5 జీబీ అవుతుంది, 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో నడుస్తుంది. చిన్న మోడళ్ళ తెలుగు తడబడుతుంది కాబట్టి సరిచూసే పని పెరుగుతుంది. ఇదే పనిని పరిశోధనగా చేస్తుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023 ఏఐ మార్గదర్శకాలు చదవండి.

తర్వాత పొట్టి రాతలన్నీ మీరే విడమరచండి. ‘ఓడీ’ అంటే మెడికల్ వార్డులో రోజుకి ఒకసారి, కంటి వార్డులో కుడి కన్ను. ఇన్సులిన్ పక్కన ఒక్క ‘యు’ అక్షరం రాస్తే సున్నాలా కనబడి 4 యూనిట్లు 40 అయిపోతాయి.

మోడల్‌కి ఇలా చెప్పండి: ‘కింద ఉన్నదే తెలుగులో రాయి. లేని మందు, మోతాదు, జాగ్రత్త చేర్చకు. స్పష్టంగా లేనిచోట డాక్టరుని అడగండి అని రాయి. మందుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచు. వాడుక మాటలు వాడు: బీపీ, షుగరు, కిడ్నీ, పరగడుపున.’ మందుల పేర్లు ఇంగ్లీషులోనే ఎందుకంటే, ఇంటి దగ్గర బిళ్ళల అట్టతో పోల్చి చూసుకోవాలి. మోడల్ సెట్టింగుల్లో టెంపరేచర్ (జవాబు ఎంత మారుతూ రావాలో చెప్పే అంకె) 0 పెట్టండి.

అసలు ప్రమాదం లేనిది చేర్చడంలో ఉంది. కిడ్నీ అనగానే ‘నీళ్ళు ఎక్కువగా తాగండి’ అని మోడల్ రాసేయవచ్చు, ఎందుకంటే అది చదివిన కిడ్నీ రాళ్ళ వ్యాసాల్లో అదే సలహా ఉంటుంది. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చి, డాక్టరు రోజుకి 1 లీటరే తాగమన్న రోగికి ఆ ఒక్క వాక్యం ఊపిరాడని స్థితి తేగలదు. కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ‘రోజూ’ అయిపోతే ప్రాణం పోవచ్చు. ‘వద్దు’, ‘ఆపండి’ లాంటి మాటలు జారిపోయాయేమో కూడా చూడండి.

అందుకే ప్రతి అంకెనీ సమ్మరీలో వేలు పెట్టి సరిచూడండి. ఆపైన అసలు సమ్మరీ చూడని మనిషిచేత చీటీని తిరిగి ఇంగ్లీషు చేయించి, రెండూ పోల్చండి. రెండో మోడల్‌తో చేయించవచ్చు గానీ మనిషే మేలు. డాక్టరు సంతకం లేకుండా చీటీ బయటికి పోకూడదు. మోడల్ వెర్షన్ రాసిపెట్టుకోండి. అది మారినప్పుడల్లా ముందే సరిచూసి దాచిన 30 సమ్మరీలతో మళ్ళీ పరీక్షించండి.

చీటీ ఇచ్చాక ‘రాత్రి ఏ బిళ్ళ వేసుకుంటారు, ఎన్ని?’ అని రోగినో, తోడు వచ్చినవాళ్ళనో అడిగి చెప్పించుకోండి. చదవడం రానివాళ్ళకి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీయండి. పాడేరు, అరకు వైపు నుంచి కువి అనే గిరిజన భాష మాట్లాడేవాళ్ళు వస్తే మోడల్‌తో కువి రాయించొద్దు. ఆ భాషలో అది నేర్చుకున్న రాత చాలా తక్కువ, తప్పు పట్టుకునేవాళ్ళూ వార్డులో దొరకరు. కువి తెలిసిన ఆశా కార్యకర్తకి ఫోను కలిపి, మందులు ఒక్కొక్కటిగా నోటితో చెప్పించండి.