ఆఫ్‌రోడ్ రేసింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: క్లాస్ రూల్స్ చదవడం

పోయిన పాఠంలో సస్పెన్షన్ ట్రావెల్ గురించి చెప్పుకున్నాం. చక్రం పూర్తిగా కిందికి వేలాడే చోటు నుంచి పూర్తిగా పైకి నొక్కుకుపోయే చోటు వరకు ఉన్న దూరం అది. ఇవాళ్టి పాఠానికి ఆ కొలతే ఆధారం. క్లాస్ అంటే ఒకే రకం రూల్స్‌తో తయారైన బండ్లు తమలో తాము పోటీపడే విభాగం.

రూల్‌బుక్ చేతికి రాగానే చాలామంది ఎన్ని సీసీ, ఎంత పవర్ అని ఇంజిన్ పేజీలు వెతుకుతారు. మీరు ముందు సస్పెన్షన్, టైర్ల పేజీలు తీయండి. గుంతల్లో చక్రం నేలను వదిలేసిందంటే ఎంత పవర్ ఉన్నా బండిని ముందుకు నెట్టలేదు.

ఎడారుల్లో రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీనే చూడండి. 2021 వరకు అక్కడ టీ1 (రేసు కోసమే తయారయ్యే కార్ల క్లాస్) ఫోర్ వీల్ డ్రైవ్ కార్లకు ట్రావెల్ 280 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు చక్రాలకే ఇంజిన్ శక్తి అందే టూ వీల్ డ్రైవ్ బగ్గీలకు (తేలికైన ఆఫ్‌రోడ్ బండ్లకు) మాత్రం అంతకంటే ఎక్కువ ట్రావెల్, పెద్ద టైర్లు ఉండేవి. పైగా బగ్గీ డ్రైవర్ సీట్లోంచి లేవకుండానే టైర్లలో గాలి తగ్గించుకోవచ్చు, నింపుకోవచ్చు. ఇసుకలో నాలుగు చక్రాలూ తిరిగే బండిదే పైచేయి అనుకుంటాం కదా? 2016, 2017, 2018లో వరుసగా గెలిచిన ప్యూజో టూ వీల్ డ్రైవే! 2022లో టీ1 ప్లస్ అనే కొత్త విభాగం వచ్చాక ఫోర్ వీల్ డ్రైవ్‌కు 350 మిల్లీమీటర్ల ట్రావెల్, 37 అంగుళాల టైర్లు, 2.3 మీటర్ల వెడల్పు దక్కాయి. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ నాసర్ అల్ అతియా టయోటా హైలక్స్‌తో గెలిచాడు. గెలుపులో డ్రైవర్ చేయీ ఉంది, కాదనను. కానీ ఈ రెండు రూళ్లనూ పక్కపక్కన పెట్టి చదవకపోతే సగం కథ తెలియనట్టే.

ఇక మెక్సికోలో జరిగే బాహా 1000కి వెళ్దాం. అక్కడ బండి మీది నంబరే క్లాస్ చెప్పేస్తుంది. 11తో మొదలయ్యే నాలుగంకెల నంబరుంటే క్లాస్ 11, అంటే దాదాపు షోరూమ్‌లోంచి వచ్చినట్టే ఉండే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. అయిదు వందల్లో నంబరున్న బీటిల్ కూడా కనిపిస్తుంది. దాని వెనక్కి వెళ్లి చూడండి. మడ్‌గార్డులు కోసేసి ఉంటాయి, ఇంజిన్ బయటికే కనిపిస్తుంది, చక్రాలు పక్కలకు బాగా జరిగి ఉంటాయి. అది క్లాస్ 5. రెండూ పుట్టుకకు ఒకటే కారు. కానీ ఒక రాళ్లదారిలో క్లాస్ 5 దూసుకుపోయే చోట క్లాస్ 11 డ్రైవర్ ఒక్కో రాయినీ చూసుకుంటూ నడపాలి. నాకైతే ఆ క్లాస్ 11 వాళ్ల మీదే గౌరవం ఎక్కువ.

రూల్ చదివేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: రూల్‌బుక్‌లో రాసి లేని మార్పు చేయొచ్చా? స్టాక్ క్లాసుల్లో, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండే బండ్ల క్లాసుల్లో, ఒప్పుకున్నట్టు రాసి ఉంటేనే చేయాలి. అన్‌లిమిటెడ్‌లో వద్దని రాయకపోతే చేసుకోవచ్చు. లిమిటెడ్ క్లాసులు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి, అందుకే వాటిని రెండుసార్లు చదవాలి. రోల్‌కేజ్ (బండి బోల్తాపడినా లోపలివాళ్లను కాపాడే ఇనుప చట్రం), బెల్టులు, హెల్మెట్ మాత్రం ఏ క్లాసులోనూ తప్పవు.

అభ్యాసం: 1127, 514, 108. ఇవి మూడు బాహా బండ్ల నంబర్లు. మూడోది క్లాస్ 1, అన్‌లిమిటెడ్ బగ్గీ. మిగతా రెండూ ఏ క్లాసులో రాసి, ట్రావెల్ ఎక్కువ ఉండే బండి నుంచి తక్కువ ఉండే బండికి వరుసలో పెట్టండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో.