స్వింగ్ డాన్స్‌లో బేసిక్స్ దాటాక
విజయనగరంలో లిండీ హాప్ అనే జోడీ స్వింగ్ డాన్స్ నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట. బేసిక్స్ రాగానే కొత్త స్టెప్పుల వెంట పడకండి. ఎనిమిది లెక్కల స్వింగ్ అవుట్ (జోడీ దగ్గరికొచ్చి, కలిసి తిరిగి, మళ్లీ విడిపోయే స్టెప్పు) ఒక్కటే జోడీతో పాటంతా వెయ్యండి. మొదట నిమిషానికి 120 బీట్ల పాటకి, కాళ్లు కుదిరాక 160కి. ట్రిపుల్ స్టెప్‌లో రెండు బీట్లకి మూడు అడుగులు పడాలి కదా, వేగం పెరిగేకొద్దీ అడుగు చిన్నదవ్వాలి. చాలామంది ఇక్కడే పెద్ద పెద్ద అడుగులేసి తాళం తప్పుతారు. మోకాళ్లు వదులుగా ఉంచండి. మన తప్పెటగుళ్ళ కళాకారుల్ని ఒకసారి గమనించండి, గుండెల మీద తప్పెట మోగుతుంటే ఒళ్లంతా ఆ దరువులోనే ఉంటుంది. ఎంత అందంగా ఉంటుందో! స్వింగ్‌కీ కావలసింది అదే. జోడీ దొరకని రోజు అమెరికా జాజ్ బ్యాండ్ నాయకుడు కౌంట్ బేసీ పాటలు పెట్టుకుని ఒక్కరే ఆడండి. అన్నట్టు, గరుకు డాబా మీద వద్దు. రబ్బరు సోలు పట్టేసి, తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది. నున్నటి గచ్చు చూసుకోండి.