డోనెగాల్ ట్రిప్ ప్లాన్ ఎక్కడ చెడుతుంది? (సమస్య - పరిష్కారం)

ఐర్లండ్‌కి కొత్తగా వచ్చినవాళ్లూ, ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్లూ వాయవ్య మూలనున్న డోనెగాల్ కౌంటీకి వేసవి ప్లాన్ పంపి "అన్నా, ఒకసారి చూడవా" అంటారు. కారు, బస అన్నీ బుక్ చేశాకే పంపుతారు. ఏళ్లుగా చూస్తున్నాను, చెడేది ప్రతిసారీ అవే చోట్ల.

సమస్య: రోజుకి ఐదు చోట్లు అనుకుంటే రెండే అవుతున్నాయి.

కారణం: కిలోమీటర్లు లెక్కపెట్టారు కానీ రోడ్డు నంబరు ముందున్న అక్షరం చూడలేదు. ఎం అంటే మోటార్‌వే, వేగ పరిమితి గంటకి 120 కిలోమీటర్లు. ఎన్ రోడ్డు 100, ఆర్ రోడ్డు 80. ఎల్ అంటే పల్లె దారి. 2025 ఫిబ్రవరి నుంచి దాని మీద పరిమితి 60, మలుపుల్లో అదీ ఎక్కువే. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే.

పరిష్కారం: ఆర్, ఎల్ రోడ్లకి మ్యాప్ చెప్పిన సమయంలో సగం అదనంగా కలపండి. అరనిమిషం పని. ఇది చూడకుండా ప్లాన్ పంపకండి, దయచేసి.

సమస్య: రాత్రి తిండి దొరకలేదు.

కారణం: జూన్‌లో పది దాకా వెలుతురుంటుంది, ఇంకా సాయంత్రమే అనిపిస్తుంది. పల్లెల్లో పబ్ వంటగది చాలాచోట్ల ఎనిమిదిన్నర, తొమ్మిదికే మూసేస్తారు.

పరిష్కారం: ఏడింటికల్లా కూర్చోండి. శాకాహారులు ముందే ఫోన్ చేసి అడగండి. వంటగది ఉన్న బస అయితే పప్పూ బియ్యం డబ్లిన్‌లోనే కొనుక్కోండి.

సమస్య: డోనెగాల్ వెళ్తుంటే దారిలో ఉన్నట్టుండి బోర్డుల మీద మైళ్లు కనిపించాయి.

దీని దగ్గర ఆగి చదవండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

డోనెగాల్ ఐర్లండ్ రిపబ్లిక్‌లోదే. కానీ మిగతా రిపబ్లిక్‌తో దాన్ని కలిపేది లీట్రిమ్ వైపున్న సన్నటి పట్టీ ఒక్కటే. మిగతా సరిహద్దంతా ఉత్తర ఐర్లండ్‌తోనే, అంటే బ్రిటన్‌తో. డబ్లిన్ నుంచి డోనెగాల్‌లోని లెటర్‌కెన్నీ ఊరికి మ్యాప్ చూపే దగ్గర దారి మొనహన్ దాటాక ఓమా, స్ట్రబాన్ మీదుగా పోతుంది. డోనెగాల్ టౌన్‌కి అడిగితే ఎన్నిస్‌కిలెన్ మీదుగా చూపిస్తుంది. రెండు దారులూ బ్రిటన్ నేల మీదుగానే, అక్కడ బోర్డులు మైళ్లలో ఉంటాయి. గేటు లేదు, పోలీసు లేడు, "సరిహద్దు" అన్న బోర్డూ లేదు. రోడ్డు అంచున పసుపు గీతలు తెల్లబడతాయి, పోస్టు డబ్బా ఆకుపచ్చ నుంచి ఎరుపవుతుంది, అంతే. ఎవరూ ఆపలేదు కాబట్టి వెళ్లొచ్చనుకుంటారు. భారత పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకి ఐరిష్ ఐ.ఆర్.పి. కార్డు (ఇక్కడ ఉండేందుకిచ్చే నివాస కార్డు) ఉన్నా అక్కడికి బ్రిటన్ వీసా కావాలి. అప్పుడప్పుడూ బస్సుల్లో, రైళ్లలో తనిఖీ జరుగుతుంది. దొరికితే తర్వాతి వీసాలన్నిటికీ అది చిక్కే.

మా మొదటి ట్రిప్‌లో మైళ్ల బోర్డు నా భార్య చూసింది. గుండె జారింది. వెనక్కి తిరిగి, మ్యాప్ చెప్పినట్టే క్లోనిస్ మీదుగా కావన్ రోడ్డెక్కాను. మళ్లీ మైళ్లు! ఆ రోడ్డు సరిహద్దుని నాలుగు సార్లు దాటుతుందని ఇంటికొచ్చాకే తెలిసింది. మొనహన్ నుంచి కావన్‌కి కూట్‌హిల్ మీదుగా వెళ్తే ఆ గొడవ లేదు.

ముందు చూడాల్సింది: ఇండియా నుంచి వచ్చినవాళ్ల వీసా స్టిక్కరు మీద "బి.ఐ.వి.ఎస్." (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అక్షరాలున్నాయా? ఉంటే, ముందు ఐర్లండ్‌లో దిగినవాళ్లు దిగినప్పుడు ఐర్లండ్‌లో ఉండేందుకిచ్చిన అనుమతి చెల్లే రోజుల్లో ఉత్తర ఐర్లండ్‌కీ వెళ్లొచ్చు. ఆంట్రిమ్ తీరంలోని జెయింట్స్ కాజ్‌వే రాతి స్తంభాలకీ ఇదే లెక్క, అదీ బ్రిటన్‌దే. తమాషా ఏమిటంటే ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ కార్డున్న మనకి ఆ సౌకర్యం లేదు. అమ్మానాన్నలు వెళ్లగలిగిన చోటికి కొడుకు వెళ్లలేని ఇళ్లు నాకు తెలుసు. కారులో ఉన్న ప్రతి ఒక్కరి కాగితమూ విడివిడిగా చూడండి.

పరిష్కారం: మ్యాప్‌లో సరిహద్దు వద్దనే సెట్టింగు లేదు. దారిలో మీరే మజిలీలు పెట్టాలి: స్లైగో, బండోరన్, బాలిషానన్, డోనెగాల్ టౌన్. ఎం4, ఎన్4 మీదుగా స్లైగో, అక్కణ్ణుంచి ఎన్15. లెటర్‌కెన్నీకి గంట పైనే ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. స్లైగోలో ఒక రాత్రి ఆగితే మర్నాడు స్లీవ్ లీగ్ కొండలు తాపీగా చూడొచ్చు. బస్సైతే ఇంకా జాగ్రత్త. డబ్లిన్-లెటర్‌కెన్నీ బస్సులు ఓమా మీదుగా పోతాయి, టికెట్ కొనేముందు ఆగే ఊళ్లు చదవండి. స్లైగో దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు మంచిది. ఆ బస్సు డెర్రీ దాకా పోయేదైతే లెటర్‌కెన్నీలోనే దిగండి, డెర్రీ సరిహద్దుకి అవతలి వైపు.

మిగతావి అరుదు. కెర్రీ తీరం అవతలున్న స్కెలిగ్ మైకేల్ దీవికి పడవ రద్దయితే అది సముద్రం ఇష్టం, కెర్రీలో ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 మోటార్‌వే టోల్‌కి గేటుండదు, మర్నాడు రాత్రి 8 లోగా ఆన్‌లైన్‌లో కట్టేయండి.