చేతిలో డబ్బు లేకుండా ప్రపంచయాత్ర – 5వ పాఠం: జీతం లేకపోయినా అది పనే

పోయిన పాఠంలో రోజుకు నాలుగైదు గంటలు పని చేసిపెడితే గదీ భోజనమూ ఇచ్చే హోస్టులను ఎలా వెతకాలో చెప్పాను. ఈసారి ఇంటికాపలా మొదలుపెట్టాలి, అంటే యజమానులు ఊరెళ్ళినప్పుడు వాళ్ళింట్లో ఉండి కుక్కనో పిల్లినో చూసుకోవడం. కానీ మీ ఉత్తరాలు చదివాక దాన్ని ఈ పాఠం చివరికి నెట్టాను, ఎందుకో చెప్తాను.

ఒకమ్మాయి పోయిన పాఠం చదివి పొలంలో ఒక మంచి హోస్టును కుదుర్చుకుంది, విజిటర్ వీసా తీసుకుంది, విమానం దిగింది. ఎక్కడ ఉంటారని ఇమిగ్రేషన్ ఆఫీసరు అడిగితే దాచాల్సిందేముందని ఫోన్ తీసి హోస్టు పంపిన మెసేజ్ చూపించింది. "రోజుకు నాలుగు గంటలు కలుపు తీయాలి, బదులుగా గది, మూడు పూటలా భోజనం" అని ఉంది అందులో. "డబ్బులేమీ ఇవ్వరండీ" అని ఆమె ఎంత చెప్పినా లాభం లేకపోయింది. తిరుగు విమానం ఎక్కించారు. వీసా సంగతి అందరికీ తెలిసిందేలే అనుకుని నేను పోయిన పాఠంలో దాని గురించి ఒక్క ముక్క రాసి వదిలేశాను. తప్పు నాదే, ఆ అమ్మాయిది కాదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం దీనికే.

"డబ్బు చేతులు మారకపోతే అది పని కాదు" అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, ఇంతమందిని ముంచిన మాట ఇంకోటి లేదు. చాలా దేశాల చట్టాలు చూసేది జీతం ఒక్కటే కాదు, ప్రతిఫలాన్ని. పడుకోవడానికి మంచం, తినడానికి తిండి కూడా ప్రతిఫలమే. న్యూజీలాండ్ దీన్ని దాపరికం లేకుండా చెప్తుంది: గదికీ భోజనానికీ బదులుగా పొలంలో చేసేది పనే, దానికి పని చేయడానికి అనుమతి ఉన్న వీసా కావాలి. బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్ళినవాళ్ళు రిజిస్టరైన చారిటీకి మొత్తం 30 రోజుల దాకా సేవ చేయొచ్చు. చారిటీకి మాత్రమే. హాస్టల్ రిసెప్షన్‌లో కూర్చుని మంచం తీసుకోవడం అందులోకి రాదు.

సేంద్రియ పొలాల్లో పని చేసిపెట్టేవాళ్ళనీ, బదులుగా గదీ భోజనమూ ఇచ్చే హోస్టులనీ కలిపే వూఫ్ (WWOOF) అనే సంస్థ పేరు సంగతే చూడండి. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే సూ కాపర్డ్ శని ఆదివారాలు పల్లెలో గడపాలనుకుని ససెక్స్‌లోని ఒక పొలానికి కొందరిని వెంటబెట్టుకుని వెళ్ళడంతో అది మొదలైంది. అప్పటి పేరు 'వర్కింగ్ వీకెండ్స్ ఆన్ ఆర్గానిక్ ఫార్మ్స్'. తర్వాత 'విల్లింగ్ వర్కర్స్' అయింది. ఆ 'వర్కర్స్' అన్న మాట ఇమిగ్రేషన్ దగ్గర చిక్కులు తెస్తోందని చివరికి 'వరల్డ్ వైడ్ ఆపర్చునిటీస్' అని మార్చుకున్నారు. అంత పేరున్న సంస్థే ఒక్క మాట కోసం పేరు మార్చుకుందంటే, మీ ఫోన్‌లోని మెసేజ్‌కి ఎంత బరువుందో ఆలోచించండి.

పని అవునో కాదో తేల్చుకోవడానికి నేను ఎప్పుడూ వేసుకునే ప్రశ్న ఒక్కటే: నేను రాకపోతే ఈ పనికి జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకుంటారా? హాస్టల్ రాత్రి డ్యూటీ, పెట్టుకుంటారు, కాబట్టి పనే. ద్రాక్షతోట కోతలు, పనే. వాళ్ళ పిల్లలకు రోజూ రెండు గంటలు ఇంగ్లిష్ చెప్పడం, పనే. స్నేహితుడి ఇంట్లో ఉంటూ తిన్న గిన్నెలు కడగడం పని కాదు, అది మర్యాద. ఇది నేను అనుమానం పుట్టగానే ఆగడానికి వాడుకునే కొలత మాత్రమే. ఆఖరి మాట ఆ దేశపు ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌దే.

"మరి టూరిస్టునని చెప్పేస్తే పోదా?" అని నలుగురైదుగురు అడిగారు. పోదు. ఫోన్ తీసుకుని చాట్లు చదివినా చదువుతారు. ఒక్కసారి వెనక్కి పంపితే "మీకెప్పుడైనా ప్రవేశం నిరాకరించారా?" అన్న ప్రశ్న తర్వాత నింపే వీసా ఫారాల్లో వెంటాడుతూనే ఉంటుంది. ఉచితంగా తిరగాలనుకున్నవాళ్ళకి అంతకంటే ఖరీదైన పొరపాటు లేదు.

సరైన దారులున్నాయి. మీ పాస్‌పోర్టుకి వర్తిస్తే వర్కింగ్ హాలిడే వీసా మొదటిది, అంటే దేశం తిరుగుతూనే పని కూడా చేసుకోనిచ్చే వీసా. ఎక్కువగా 18 నుంచి 30 ఏళ్ళవాళ్ళకి ఇస్తారు, కొన్ని ఒప్పందాల్లో 35 దాకా. ఆస్ట్రేలియాలో రెండో ఏడాది వీసా కోసం పొలం పనులు లెక్కలోకి వస్తాయని విని వూఫ్‌కి వెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2015 డిసెంబర్ నుంచి జీతమిచ్చిన పనే లెక్క, గుర్తుంచుకోండి. రెండోది, పనే లేని ఆతిథ్యం. నాకైతే ఇదే ఇష్టం. 1949లో శాంతి కోసం పుట్టిన సర్వాస్ అనే ఆతిథ్య సంస్థ సభ్యుల ఇళ్ళలో మామూలుగా రెండు రాత్రులు ఉండనిస్తారు, మీరు చేయాల్సిందల్లా వాళ్ళతో కూర్చుని మాట్లాడడం. సైకిల్ మీద తిరిగేవాళ్ళకి అలాంటిదే వార్మ్ షవర్స్ ఉంది. ఇంట్లో ఉచితంగా చోటిచ్చేవాళ్ళను వెతికిపెట్టే కౌచ్‌సర్ఫింగ్ వెబ్‌సైట్ 2020లో చాలా దేశాల్లో చందా పెట్టాక నేను అలాంటిదే అయిన బివెల్కమ్‌కి మారాను. అది వాలంటీర్లు నడిపేది, డబ్బు అడగరు. స్పెయిన్‌లో కామినో అనే యాత్రికుల కాలిదారి నడిచేవాళ్ళకైతే 'దొనతీవో' సత్రాలు ఉన్నాయి, హుండీలో ఎంత వేయగలిగితే అంత. అక్కడ ఏమీ వేయకుండా రావద్దు, రేపటి యాత్రికుడి భోజనం దాంట్లోంచే వస్తుంది.

ఇక హోస్టుల నుంచి జవాబులు రావట్లేదన్నవాళ్ళకు. మీరు పంపినవాటిలో చాలావరకు "హాయ్, నాకు ట్రావెలింగ్ అంటే ప్రాణం, ఏ పనైనా చేస్తాను" అనే ఉన్నాయి. ఏ పనైనా అంటే ఏదీ రాదని అర్థం. పని వీసా ఉన్న ఒకతను నేను చెప్పాక ఇలా మార్చాడు: "మీ రెండో ఫోటోలో కోళ్ళగూడు తలుపు ఒకపక్కకి ఒరిగి ఉంది, పై బందు ఊడినట్టుంది. బందులు బిగించడం, చెక్క కోయడం నాకు వచ్చు. అక్టోబర్ 3 నుంచి 14 దాకా ఉండగలను." ఆ సాయంత్రమే జవాబొచ్చింది. మొదటిసారి పన్నెండు రోజులకి మించి ఒప్పుకోకండి, వారానికి 25 గంటలు దాటితే నేనైతే వెళ్ళను.

ఇంటికాపలా గురించి ఇవాళ్టికి ఇంతే: ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ లాంటివాటిలో ఏడాది చందా కట్టాలి, ఇల్లు ఉచితం. మొదట మీ దేశంలోనే రెండు మూడు ఇళ్ళు చూసుకుని రివ్యూలు తెచ్చుకోండి. పైన చెప్పిన వీసా గొడవంతా దీనికీ వర్తిస్తుంది, కొన్ని దేశాల్లో పిల్లిని చూసుకోవడాన్నీ పనిగానే చూస్తారు.

అభ్యాసం: వెళ్ళాలనుకున్న మూడు దేశాలు రాసుకోండి. ఒక్కో దేశం అధికారిక ఇమిగ్రేషన్ పేజీలో విజిటర్లు ఏం చేయకూడదో చెప్పే భాగం మొత్తం చదివి, చూడకుండా మీ సొంత మాటల్లో పది వాక్యాలు రాయండి. తర్వాత ఆ పేజీతో పోల్చి, తప్పిన చోట ఎర్ర గీత పెట్టండి. మూడిట్లోనూ ఎర్ర గీతలు పోయేదాకా ఏ హోస్టుకీ మెసేజ్ పెట్టకండి.